మంగళవారం ఎవరూ నాటని తోటలు

మామ పోయాడన్న కబురు పొద్దున తొమ్మిదిన్నరకు తెలిసింది. జమ్మలమడుగులో మేం కొత్తగా తీసుకున్న ఆఫీసు గదిలో గోడకు పెద్ద తెర బిగిస్తుంటే ఆయన అల్లుడు ఫోన్ చేశాడు. "అక్కా, మామ లేడు. కాఫీ తాగి మంచం మీద ఒరిగినాడు, అంతే" అన్నాడు. తెర బిగించే అతను నిచ్చెన మీద నుంచి ఇంకాస్త ఎత్తాలా, దించాలా అని అడుగుతూనే ఉన్నాడు. నేను వెళ్లి మెట్ల మీద కూర్చున్నాను. ఆయనకు డెబ్బై కూడా నిండలేదు.

మామ అంటే నాకు చుట్టం కాదు. నేను ప్రొద్దుటూరులో బట్టల అంగడి వాళ్ల ఇంట్లో పుట్టినదాన్ని. ఆయన కొండాపురం వైపు గొర్రెలు కాసిన మనిషి. ఊరు గండికోట జలాశయం నీళ్లలో మునిగాక మందను అమ్మేసి, పునరావాస కాలనీలో ఇల్లు కట్టుకుని, పులివెందులలో పనికి కుదిరాడు. అరటికాయ కొని బయటి దేశాలకు పంపే కంపెనీ మాది. అందులో ఆయన తోటలు తిరిగి వివరాలు తెచ్చే ఫీల్డు మనిషి, నేను ఆ వివరాలను లెక్కగట్టే విభాగానికి పెద్దను. ఆఫీసంతా మామా అని పిలిచేది, నేనూ అదే అలవాటు చేసుకున్నాను. ఆయన నన్ను పాపా అనేవాడు. చేరిన కొత్తలో నాకు పొగరెక్కువ, మేడం అని పిలవమని చెప్పాను. "సరే పాపా" అన్నాడు. నేను ఆ సంగతి మళ్లీ ఎత్తలేదు.

మధ్యాహ్నానికి మేమంతా కొండాపురం కాలనీ చేరుకున్నాం. లింగాల నుంచి అరటి రైతులు రెండు ట్రాక్టర్లలో వచ్చారు. వాళ్లలో ఆడవాళ్లే ఎక్కువ. అత్త, అంటే మామ భార్య, నన్ను పట్టుకుని ఏడ్చి, కాసేపటికి కళ్లు తుడుచుకుని, "మీ ఆపీసు గురించి జెప్పని దినం లేదమ్మా. నాకే అర్థం గాక ఊఁ కొడ్తాంటి" అంది. ఆమెకు ఆ రోజు చెప్పలేకపోయినది ఇక్కడ రాస్తున్నాను.

నేను చేసే పనేమిటో మా అమ్మకే ఇప్పటికీ సరిగ్గా తెలియదు. డేటా అనలిటిక్స్ అంటే ఏదో కంప్యూటర్ ఉద్యోగం అని చుట్టాలకు చెప్తుంది. మా దగ్గర మాత్రం అది చాలా సూటి పని. ఏ తోటలో గెలలు ఏ వారం కోతకు వస్తాయో రెండు మూడు నెలల ముందే చెప్పాలి. ఓడరేవు నుంచి చల్లటి కంటైనర్ లారీ రావాలన్నా, అట్టపెట్టెలు తెప్పించాలన్నా, కోత కూలీలను మాట్లాడుకోవాలన్నా మేమిచ్చే జాబితాయే ఆధారం. మొక్క నాటిన తేదీ, ఎండ, వాన, నీటి తడులు, ఉపగ్రహం పంపే పచ్చదనం పటాలు, అన్నీ కలిపి ప్రోగ్రాం లెక్కవేస్తుంది. తెర మీద తోటలు రంగురంగులుగా వెలుగుతాయి. ఇప్పుడైతే మీటలు నొక్కే పని కూడా లేదు, నోటితో తెలుగులో అడిగితే ఫోనే జవాబు చెప్తుంది. బెంగళూరులో పదేళ్లు ఇదే పని చేసి, మా జిల్లాకు నేనే తెస్తున్నానని రొమ్ము విరుచుకుని వచ్చాను.

మొదటి సీజన్‌లో మూతి పగిలింది. మేం చెప్పిన వారానికి లారీలు వచ్చి నిలబడ్డాయి, కాయలు చూస్తే వేలంత లావు కూడా లేవు. ఖాళీ లారీలు వెనక్కి పోయాయి. తీరా కాయ తయారైనప్పుడు లారీ లేదు, చెట్టు మీదే పండింది. రైతులు ఆఫీసుకొచ్చి మీ కంప్యూటర్‌కు కళ్లున్నాయా అని అడిగారు. వాళ్లను తప్పుపట్టను, నేనైనా అదే అడుగుతాను. హైదరాబాద్ నుంచి పెద్ద మేనేజర్ ఫోన్ చేసి చాలా మర్యాదగా చెప్పాడు. ఇంకొక్క సీజన్ చూస్తారట. అప్పుడూ జాబితా తప్పితే పులివెందుల విభాగం మూసేసి ఆ పని అక్కడి నుంచే చేసుకుంటారట. నా దగ్గర ఎనిమిది మంది ఆడపిల్లలు పనిచేసేవాళ్లు. అందరూ లింగాల, పులివెందుల చుట్టుపక్కల డిగ్రీ చదివినవాళ్లే. ఇంటి నుంచి బస్సెక్కి వచ్చి చేసుకోగల ఉద్యోగం వాళ్లకు ఇది తప్ప ఇంకొకటి లేదు. ఆ ఫోన్ సంగతి వాళ్లకు చెప్పలేదు. చెప్పకుండా అందరి మీదా అరుస్తూ తిరిగాను.

అలా అరుస్తున్న రోజుల్లోనే ఒక మధ్యాహ్నం మామ వచ్చాడు. తెర ఉన్న గదిలోకి ఎప్పుడూ చెప్పులు బయట విడిచే వచ్చేవాడు. తెరను మాత్రం వేలుపెట్టి తాకకుండా చూడలేడు. గాజు మీద వేలిముద్రలు పడేవి. నేను కసిరితే భుజం మీది తువ్వాలుతో తుడిచేవాడు, దాంతో అది ఇంకా మసకయ్యేది. ఆ రోజూ అదే జరిగింది. ఆ నిలువు గీతలేమిటని అడిగాడు. ఒక్కో రోజు ఎన్ని తోటలు నాటారో ఆ లెక్క అని విసుగ్గా చెప్పాను. ఆయన చాలాసేపు నిలబడి చూశాడు.

"మంగళవారాలు యాడ పోయినాయి పాపా?" అన్నాడు.

చూశాను. నిజమే, మండలమంతా ఒక్క మంగళవారం కూడా గీత లేదు. అమావాస్యకు లేదు. మూఢం వచ్చిన నెల మొత్తం ఖాళీ. ఆ పక్కనే మంచి రోజులకు మాత్రం గీతలు తాటిచెట్లంత ఎత్తు. నేను ఆ బొమ్మను ఏడాదిగా చూస్తున్నాను. గీతలున్న చోటే చూశాను, లేని చోట ఎప్పుడూ చూడలేదు.

రైతులకు పట్టింపు, మంగళవారం నాటరేమో అన్నాను. మామ తల అడ్డంగా ఊపాడు. "నాటకపోవడమేంది. మొన్న మంగళవారం లింగాలలో నేనే గెనిమ మీద నిలబడి నాటిచ్చినా. గొర్రెలు కాసినోన్ని పాపా, మందను ఎంచేది శానా తక్కువ. ఏది కనపడ్లేదో సూస్తాం."

మరునాడు నన్ను బండి వెనక కూర్చోబెట్టుకుని లింగాల తీసుకుపోయాడు. తోట రైతు మమ్మల్ని నేరుగా ఈశాన్య మూలకు నడిపించాడు. అక్కడ ఒక చెట్టు పసుపు కుంకుమలతో ఉంది. మంచి రోజు చూసి, టెంకాయ కొట్టి, నాటింది ఆ ఒక్క మొక్కనే. మిగతా తోటంతా కూలీలు దొరికి, బోరులో నీళ్లు వచ్చి, డ్రిప్పు పైపులు పరిచాక నాటారు. అది పది రోజులకో, ఇరవై రోజులకో, ఒక్కోచోట నెల దాటాకో. నాటిన తేదీ అడిగితే మాత్రం అందరూ టెంకాయ కొట్టిన రోజే చెప్పారు. మావాళ్లు అదే రాసుకొచ్చారు. నా ప్రోగ్రాం ఒక్క మొక్కను చూసి వేల మొక్కలకు జాతకం చెప్తోంది.

నాకు తిక్క రేగింది. అబద్ధం ఎందుకు చెప్పారని రైతును అక్కడే నిలదీశాను. ఆయన బిత్తరపోయాడు. మామ నన్ను కాస్త పక్కకు పిలిచాడు. "అబద్ధం గాదు పాపా. పెండ్లి ఎప్పుడైందంటే తాళి కట్టిన దినం జెప్తారు గానీ, కాపురానికొచ్చిన దినం జెప్తారా? నువ్వు అడిగింది ఏంది, వాళ్లు జెప్పింది ఏంది."

సరే, కాపురానికొచ్చిన రోజు ఎవరికి గుర్తుంది? రైతుకు లేదు. అటూఇటుగా పదో ఇరవయ్యో అన్నాడు. ఉపగ్రహం పటంలో దొరకదా అని మామ అడిగాడు. మొక్క జానెడు ఉన్నప్పుడు పైనుంచి మట్టే కనిపిస్తుందని చెప్పాను. అప్పుడు కాలువ గట్టు మీద కూర్చుని ఏడ్చాను, దాచుకోవడమెందుకు. ఆ ఎనిమిది మంది ముఖాలూ కళ్ల ముందు తిరిగాయి. మామ నన్ను ఓదార్చలేదు. బీడీ ముట్టించి సగం తాగి ఆర్పేశాడు. లేచి తోట ఇంటి వైపు నడిచి, అరుగు మీద చెనిక్కాయలు ఒలుస్తున్న రైతు భార్యను అడిగాడు, నాటే కూలోళ్లకు ఎప్పుడు, ఏం వండినావమ్మా అని.

ఆమె తల కూడా ఎత్తలేదు. "పీర్ల పండక్కి గుండం తొక్కే ముందర రెండు దినాలు. సంగటి, ఊరిబిండి. ముప్పై మందికి కెలికినా, రెట్టలు ఇంగా గుర్తు పెట్టుకున్నాయి" అంది.

పీర్ల పండగ ఏ రోజో క్యాలెండర్‌లో ఉంది, తేదీ దొరికింది. ఆ ఇంటి తర్వాత పక్కిల్లు, ఆ తర్వాత ఊరంతా. ఒకామెకు ఆ రోజు గేదె ఈనింది. ఇంకొకామెకు పప్పు మాడింది, వాళ్ల అత్త తిట్టింది, ఆ తిట్టు తేదీతో సహా గుర్తుంది. మా ఎనిమిది మంది పిల్లలూ మూడు వారాలు ఇల్లిల్లూ తిరిగారు. మా యాప్‌లో నాటిన తేదీ అన్న గడిని తీసేసి రెండు గడులు పెట్టాను. ఒకటి మొదటి మొక్క, రెండోది కూలీలకు వండిన దినం. హైదరాబాద్‌లో ప్రోగ్రాం రాసేవాళ్లు ఆ పేరు చూసి నవ్వారు, ఏదైనా మర్యాదైన పేరు పెట్టమన్నారు. నేను పెట్టలేదు. ఇప్పటికీ అదే పేరు, మిగతా జిల్లాలకూ అదే పోయింది. జమ్మలమడుగు ఆఫీసు శనగ పంట లెక్కల కోసం తీసుకున్నది. అక్కడి రైతుల దగ్గర ఏం అడగాలో మామే ఇంకా తేల్చాల్సి ఉండింది. ఇప్పుడు మేమే తేల్చుకోవాలి.

ఇదంతా చదివి మామ యంత్రాలకు ఎదురు మనిషనుకుంటారేమో, కాదు. ఫోన్‌తో మాట్లాడటం ఆఫీసులో అందరికంటే ఆయనకే ఎక్కువ ఇష్టం. "అప్పా, ఈ వారం కోతకొచ్చేది ఏ తోటప్పా" అని పెద్దమనిషిని అడిగినట్టు అడిగేవాడు. జవాబు వచ్చాక "సరేప్పా, మంచిది" అని చెప్పి జేబులో పెట్టుకునేవాడు. అది సాగదీసి చెప్తే ఊరుకునేవాడు కాదు, ఎద్దు పొలానికి పోవాలంటే ఊరంతా తిప్పుతావేందప్పా అని దాన్నే కోప్పడేవాడు. ఒకసారి నాతో అన్నాడు, "ఇది శానా తెలివైంది పాపా. కాకపోతే ఊరు సూడలేదు. మనం సూపియ్యాల." మా రంగంలో పెద్ద పెద్ద సభలకు పోయాను, కొత్త పోకడల మీద గంటలకొద్దీ విన్నాను. ఇంతకంటే పనికొచ్చే మాట ఒక్కటీ వినలేదు.

సెలవు చీటీ ఏనాడూ రాసింది లేదు. చెప్పకుండా పోయేవాడు, చెప్పకుండా వచ్చేవాడు. దాని మీద ఆయనకూ నాకూ వారానికోసారి తగువు. ప్రతిసారీ నేనే ఓడిపోయేదాన్ని.

రెండో సీజన్ మొదటి కోతకు పెద్ద మేనేజరే హైదరాబాద్ నుంచి వచ్చాడు. ఆ వారం మా జాబితాలో నాలుగు తోటలు, నాలుగు లారీలు. ఒక్కటి తప్పినా మూత పడినట్టే. అప్పటికి పిల్లలకు కూడా చెప్పేశాను. మూడు తోటలు మూడు రోజుల్లో సరిగ్గా కోతకు వచ్చాయి. ఆఖరుది సంగటి కెలికిన ఆమె తోట. పాత లెక్క ప్రకారమైతే అది మూడు వారాల ముందే కోయాలి. ఆ మాట మేనేజర్‌కు తెలుసు, చేతిలో పాత జాబితా కూడా పట్టుకొచ్చాడు. కాయ లావు కొలిచే ఇనుప కొలతను తనే తీసుకుని గెలగెలకూ పెట్టి చూశాడు. మొదటి వరుస సరిపోయింది. నమ్మకం లేక తోట మధ్యకు పోయి అక్కడా చూశాడు. మేం తొమ్మిది మందిమి గట్టు మీద నిలబడి ఒకరి చెయ్యి ఒకరం పట్టుకున్నాం. ఆయన బయటికి వచ్చి కొలతను నా చేతిలో పెట్టి, కొయ్యండి అన్నాడు. ఈ విభాగం ఎక్కడికీ పోదని ఆ తర్వాత చెప్పాడు. అప్పటికే పిల్లల కేకల్లో ఎవరికీ ఏమీ వినబడలేదు.

గెలిచాం. ఆ మాట సిగ్గుపడకుండా రాస్తున్నాను, ఎందుకంటే ఆ రోజు మామ ఏమాత్రం సిగ్గుపడలేదు. మేం కేకలేస్తుంటే ఆయన కనిపించలేదు. తోట ఇంటికి పోయి ఆమెకు ముందు చెప్పి వచ్చాడు. ఆమె ఏమందని అడిగితే, నాకు తెలీదా అనిందంట.

సాయంత్రానికి పెట్టెలన్నీ ఎక్కాయి. లారీ తలుపులు మూసేసరికి మామ డ్రైవర్ పక్కన ఎక్కి కూర్చున్నాడు. ఆయన బండి పెట్టెలు నింపిన షెడ్డు దగ్గరే ఉంది, ఎందుకెక్కావని అడిగితే వినిపించుకోలేదు. మేం వెనక జీపులో బయలుదేరాం. ఊరు దాటగానే లారీ కిటికీలోంచి ఆయన చెయ్యి బయటికి వచ్చింది, చొక్కా మోచేతి దాకా మడిచి, అరటి జిగురుతో నల్లబడి. ఏ రోజూ గొంతు పెంచి మాట్లాడని మనిషి లారీ తలుపును దబదబా బాదుతూ, బస్సు కోసం నిలబడ్డవాళ్లకు, గొర్రెలు తోలుకొస్తున్నవాళ్లకు, టీ అంగడి ముందర కూర్చున్నవాళ్లకు, ఎవరు కనబడితే వాళ్లకు చెప్తున్నాడు.

"లింగాల కాయ! జెప్పిన దినానికే కోసినారు, జెప్పిన దినానికే!"

వాళ్లలో ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. అయినా కొందరు చెయ్యెత్తారు. పులివెందుల దాకా ఆ చెయ్యి లోపలికి పోలేదు.