రీలుకు ఎంత మందు

హచ్చొళ్ళిలో మా చిన్నమ్మ పొలంలో వరికోతల ఫోటోలు రెండు బ్లాక్ అండ్ వైట్ రీళ్ల నిండా తీసుకొచ్చి, సిరుగుప్పలో మా స్నానాలగదిలోనే కడిగాను. ఫిల్ము కడిగే మందు, డెవలపర్, ఆదా చేద్దామని ఒక వంతుకు మూడు వంతుల నీళ్లు కలిపాను. టైము కూడా పెంచి, రెండు రీళ్లనీ ఒకే డబ్బాలో వేశాను. ఆరబెట్టి చూస్తే, ఫిల్ము మీద మనుషులు ఉన్నారో లేరో తెలియనంత పలచగా వచ్చారు.

తప్పు నాదని ఒక్క క్షణం కూడా అనుకోలేదు. మొదట తుంగభద్ర నీళ్లను అనుమానించాను, తర్వాత ఎండను తిట్టాను. ఫోటోలు చూద్దామని వచ్చిన చిన్నమ్మకు నీళ్లలోని ఉప్పుల గురించి అరగంట ఉపన్యాసమిచ్చాను.

ఆమె అంతా విని, "డబ్బాలో మందెంత పోస్తివప్పా?" అంది.

"నూటయాభై మిల్లీ. మిగతాదంతా నీళ్లే."

"ఒక రీలుకెంత కావాల?"

ప్యాకెట్ తిప్పి చూశాను. "కనీసం నూరు."

"మరి రెండిటికి రెండు నూర్లు కదా! మేము వరికి కొట్టే మందు ఎకరా లెక్కన పోస్తాం. నీళ్లు ఎన్ని కలిపినా ఎకరాకు పడాల్సిన మందు పడాల్సిందే. నీ కాలేజీలో ఇది చెప్పలేదా ఏంది?"

మరుసటి వారం మళ్లీ ఆమె పొలానికే పోయి ఒక్క రీలే తీసి, అదే డబ్బాలో అదే కొలతతో కడిగాను. చిన్నమ్మ ముక్కుపుడకతో సహా స్పష్టంగా వచ్చింది. కొత్తగా నేర్చుకునేవాళ్లు ఎవరైనా అడిగితే, ఎన్నో ప్రయోగాలు చేసి కనిపెట్టానని ఆ లెక్క ఇప్పుడు నేనే చెప్తున్నాను.