రంగులక్క గీసిన కళ్ళు

ఫొటో స్టూడియోలో నలుపు తెలుపు బొమ్మలకు చేత్తో రంగులద్దిన మనిషి కాబట్టి ఊరంతా ఆమెను రంగులక్క అనేది. నోరు పెద్దది. "ఇంతకన్నా తెల్లగా చేస్తే కాగితమే మిగులుతుంది నాయనా, నువ్వు కనబడవు" అని పెళ్ళికొడుకులనే ఆటపట్టించేది. అలాంటి మనిషి ఆ రోజు గ్రంథాలయంలో ఒక కుర్రాణ్ణి బతిమాలుకోవాల్సి వచ్చింది.

ఎప్పటి మాటో! నది ఊరిని ముంచిన ఏడు, శవాలై దొరికిన పిల్లలకు పోలీసులు ఫొటోలు తీయించారు. ఇళ్ళలోని ఫొటోలన్నీ నీళ్ళపాలయ్యాయి కదా, ఆ తల్లులకు మిగిలినవి అవే. "మావాడు కళ్ళు తెరిచి చూస్తున్నట్టు చెయ్యి తల్లీ" అని కాళ్ళావేళ్ళా పడ్డారు. ఆ పిల్లల కళ్ళెలా ఉండేవో ఆమెకేం తెలుసు, పాపం! ఉబ్బిన బుగ్గలన్నీ ఒకే తీరుగా తగ్గించింది, గాయాలు చెరిపింది, తన చెల్లెలి కళ్ళే అందరికీ గీసి పెట్టింది. ఎవరి బొమ్మ వాళ్ళ గోడ మీద ఉన్నంతకాలం ఎవరికీ అనుమానం రాలేదు. ఆమె మాత్రం ఆ ఇళ్ళకు వెళితే గోడల వైపు తలెత్తేది కాదు.

ఇప్పుడు గ్రంథాలయం కుర్రాడు ఊరి పాత ఫొటోలతో పెద్ద ఆల్బం తయారుచేస్తున్నాడు. ఇళ్ళ నుంచి తెప్పించిన ఫొటోల ఫ్రేములు ఊడదీసి, వరద పిల్లలందరినీ ఒకే పేజీలో వరసగా అతికించేశాడు.

"నీకు పుణ్యముంటుంది నాయనా, వీటిని తలో పేజీలో పెట్టు."

"ఒక్కచోట ఉంటేనే కదక్కా చూసేవాళ్ళ మనసు కరిగేది! పేర్లు తల్లుల్ని అడిగి రాస్తాను. దర్జీగారి భార్య ఇప్పుడే వస్తానన్నారు."

ఆ బుద్ధిమంతుడి నెత్తిన ఒక్కటి మొట్టాలనిపించింది ఆమెకు. కానీ ఏమని చెబుతుంది? అంతలోనే దర్జీ భార్య రానే వచ్చింది. పోయినవాడు ఆమెకు ఒక్కగానొక్క కొడుకు. ఇన్నేళ్ళుగా పొద్దున్నే ఫొటో అద్దం తుడిచి, వాడితో నాలుగు మాటలాడితేగాని ఆమెకు పనిలో చెయ్యాడదు.

రంగులక్క గబగబా ఆల్బం మూయబోయింది. "కళ్ళజోడు తెచ్చుకో వదినా, రేపు తీరిగ్గా చూద్దువుగాని."

"చోద్యం కాకపోతే, నా బిడ్డను చూసుకోవడానికి నాకు కళ్ళజోడెందుకు?"

నవ్వుతూ పేజీ మీదికి వంగింది. వేలు మొదటి బొమ్మ మీద ఆగింది, పక్కదాని మీదికి జరిగింది, చివరిదాకా వెళ్ళి మళ్ళీ వెనక్కి వచ్చింది. నవ్వు పోయింది. అందరూ తన కొడుకులాగే చూస్తున్నారు.

"వదినా," అంది, "వీళ్ళలో మావాడెవడు?"

రంగులక్క వంగి, ఒక్కొక్క ముఖమే చూసింది. ఆమెకూ తెలియలేదు.