ఇద్దరు కొడుకులన్న మాట

నా కొడుకు బయటికొచ్చాడు, ఏ తప్పూ లేదని తేలిపోయింది. నిన్న సోమవారం క్యాంపులో కనబడినవాళ్లందరికీ ఖర్జూరాలు పంచాను. అందరికంటే ముందు పెట్టాల్సింది మా మేస్త్రీ నోట్లో. ఆయన శుక్రవారం పొద్దున గుండె ఆగి పోయాడు.

దుబాయ్‌లో, అల్ కుసైస్ కూలీల క్యాంపులో పదిహేడేళ్లు పక్కపక్క మంచాల మీద పడుకున్నాం. వరస లేకపోయినా నన్ను బావా అనేవాడు. వడ్రంగి మనిషి, చాయ్ తాగేటప్పుడు కూడా చెవి మీద పెన్సిల్ తీసేవాడు కాదు. హిందీ రానివాళ్లకు ఆఫీసుకైనా ఆస్పత్రికైనా తోడు వెళ్లేవాడు. "గీత వంకర పోతే పలక పోతది, మాట వంకర పోతే మనిషి పోతడు" అనేవాడు.

ఇన్వెస్ట్‌మెంట్స్ పార్క్ అనే ఫ్యాక్టరీల పేటలో ఒక గోదాంలో దొంగ పడి వాచ్‌మన్ తల పగలగొట్టాడు. పగిలిన కిటికీ అద్దం మీద దొంగ రక్తం దొరికింది. దాని డీఎన్ఏ పోలీసుల దగ్గరున్న నమూనాల్లో ఏ ఒక్కదానితోనూ పూర్తిగా కలవలేదు, నాదానితో మాత్రం కొంత కలిసిందట. ఎప్పుడో క్యాంపులో కొట్లాట జరిగినప్పుడు మా గదివాళ్లందరి బుగ్గల్లో దూదిపుల్ల తిప్పి తీసుకున్న నమూనా అది. అంటే దొంగ నా రక్తసంబంధీకుడే. ఆ పక్కనే ఫ్యాక్టరీలో పనిచేసే నా కొడుకును తీసుకుపోయారు.

స్టేషన్‌లో ఆఫీసరు "బేటే కిత్నే?" అని కొడుకులెందరో అడిగాడు. "దో" అన్నాను. తమ్ముని కొడుకూ నాకు కొడుకే కదా, వాణ్ణి దుబాయ్ తెచ్చిందే నేను. తోడొచ్చిన మేస్త్రీ వెంటనే సర్దాడు: ఒకడే సొంత కొడుకు, రెండోవాడు తమ్ముని కొడుకు, మా దగ్గర ఇద్దర్నీ కొడుకే అంటాం అని. ఆఫీసరు తలెత్తాడు. సొంత కొడుకైతే ఇంకా ఎక్కువ కలవాలట. రెండోవాణ్ణీ పిలిపించి ఇద్దరి నమూనాలూ తీసుకున్నారు.

బయటికొచ్చాక నేను ఊరుకోలేదు.

"నా తమ్ముని కొడుకును పరాయోణ్ని చేస్తివి గదా."

"చెయ్యలే బావా. ఆ పరీక్ష ఇల్లు చూపిస్తది, మనిషిని చూపియ్యది. ఉన్న వరస ఉన్నట్టు చెప్పకుంటే నీ కొడుకు లోపట్నే ఉంటడు."

"నీకు పిల్లలు లేరు, నీకేం తెలుస్తది?"

ఆ మాట అన్నది నేనే. ఆ తర్వాత ఆయనతో మాట్లాడలేదు. అయినా రోజూ పొద్దున నా మంచం పక్కన చాయ్ పెట్టేవాడు. నేను చల్లారనిచ్చేవాణ్ణి. శుక్రవారం పెట్టిన చాయ్ ఇంకా వేడిగా ఉండగానే ఆయన ఒరిగిపోయాడు.

నిన్న తేలింది. నా కొడుకుది కలవలేదు. తమ్ముని కొడుకుది కలిసింది.

ఆయన పెన్సిల్ నా దగ్గరే ఉండిపోయింది. ఫోన్ చేయాల్సినవాళ్లను దానితోనే రాసుకుంటున్నాను. నా కొడుకు వాళ్లమ్మకు. మా పెద్దబిడ్డకు, అల్లునికి. నిర్మల్‌లో వాడి మేనమామకు. మేస్త్రీ ఇంటామెకు, ఆయన మాటే నిలబడిందని.

మా తమ్మునికి.