బాపు ఘడీ పెట్టిన గ్రీటింగ్ కార్డు

ఆ కరోనా రోజుల్లో సూరత్‌లోని మా వీధికి రెండు జబ్బులు పట్టుకున్నాయి. ఒకటి అందరికీ తెలిసిందే, రెండోది నిశ్శబ్దం. పుట్టినప్పటి నుంచి పవర్‌లూముల చప్పుడులోనే నిద్రపోయినదాన్ని, అవి ఆగేసరికి మెలకువలో కూడా కలలో తిరుగుతున్నట్టుండేది. కిటికీ పక్కన పాత కంప్యూటర్, నత్తనడక ప్రింటర్, వాటి ముందు పందొమ్మిదేళ్ల నేను. తెర మీద గులాబీ మేఘాలు గీసి, చెరిపి, మళ్లీ గీస్తుంటే పొద్దు ఎటు పోయేదో తెలిసేది కాదు.

ఆ మేఘాలన్నీ అక్క కోసం. మొదటి కాన్పు మా ఇంట్లో కావాల్సింది, రాకపోకలు బందై కామ్‌రేజ్‌లో అత్తవారింట్లోనే అయింది. కొడుకు. అమ్మా బాపూ ఆయాసం మనుషులు, చూసి రావాల్సింది నేనే. బస్సులు మొదలయ్యాక కూడా 'నడుస్తలేవక్కా' అని అబద్ధమాడాను. అక్కకు సంగతి తెలిసి ఫోన్లు మానేసింది. అక్క గొంతు వినబడక నాకు అన్నం సయించలేదు. అందుకే ఈ కార్డు. కాగితానికి ఒకవైపు మేఘాల్లో ఊయల, ఊయల్లో బిడ్డ. (అచ్చులో మూడుసార్లు తలకిందులై, నాలుగోసారికి బిడ్డ నిలిచాడు.) రెండోవైపు పెద్దక్షరాల్లో నా నేరం: "అక్కా, బస్సులు నడుస్తున్నయ్. నాకే భయమైంది. మీ ఇంట్ల ఎవలకన్న ఉందేమోనని రాలే. మాఫ్ చెయ్." బొమ్మ పైకి, మాట లోపలికి మడిస్తే అక్క ఒక్కతే చదువుకుంటుందని నా తెలివి.

కార్డు ఆరబెట్టి స్నానానికి వెళ్లాను. పనిలేక చేతులు దురదపెడుతున్న బాపు కంట అది పడింది. నేను వచ్చేసరికి అంచుకు అంచు కలిపి మడిచి, దారం చుట్టి, కామ్‌రేజ్ వెళ్లే కూరగాయల టెంపో నడిపే తెలుగు కాకా చేతిలో పెట్టేశాడు. (మా వీధిలో దుకాణాలు ఇంకా తెరవక కవరు దొరకలేదు మరి.)

"ఎట్ల మడ్చినవ్ బాపూ?"

"బట్టల మాల్‌కు ఘడీ ఎట్ల పెడ్తరో గట్లనే. డిజైన్ లోపలికి. దుమ్ము పడొద్దు గద బిడ్డా!"

"బయట రాతలున్నయ్, చూడలేదా?"

"నా అద్దాలు పగిలె గద. మిల్లోళ్లు గుద్దే ఛాపేమో అనుకున్న."

ముప్పై ఏళ్లు బట్ట మడిచిన చెయ్యి, దాన్నేమనగలను? దుప్పటి ముసుగేసుకొని పడుకున్నాను. సాయంత్రం అక్క ఫోను.

"ఏందే, గిట్ల పంపినవ్? కాకా చదివిండు, మా అత్త చదివింది, అరుగు మీద కూసున్నోళ్లంత చదివిన్రు!" అక్క గొంతు తగ్గించింది. "ఒకటి చెప్త, ఎవలకు చెప్పకు. నాకు గూడ భయమేనే. నువ్వొస్తే పిల్లగానికి అంటుకుంటదేమోనని ఉండె. జర కోపం చేస్తే రావు గద అని చేసిన."

ఎవరు ముందు నవ్వామో, ఎవరు ముందు ఏడ్చామో గుర్తులేదు. మర్నాడే బస్సెక్కాను. అక్క గుమ్మంలో నిలబడి పిల్లాణ్ని పైకెత్తి చూపించింది. నేను రోడ్డు అవతలి నుంచే చూశాను.

ఇప్పుడు వాడు నా వీపెక్కి గుర్రం ఆడతాడు. రోడ్డుకు అటొకరు ఇటొకరు, మాస్కులు తడిసేలా ఏడ్చి, ఒక్క అడుగు ముందుకు వెయ్యని ఆ అక్కాచెల్లెళ్లు గుర్తొస్తే నవ్వొస్తుంది. ఆ పందొమ్మిదేళ్ల పిరికిపిల్లను పిలిచి, వాణ్ని ఒక్కసారి ఎత్తుకోనివ్వాలనిపిస్తుంది.