టేపు చుట్టుకుపోయిన రోజు

నిన్న హిందూపురంలో ఒక షాపు ముందు, పాత కారులోంచి క్యాసెట్ ప్లేయర్ ఊడదీస్తున్నారు. క్యాసెట్ లోపలికి తోస్తే వచ్చే ఆ 'టక్' చప్పుడు మీకూ గుర్తుందా?

చిన్నప్పుడు అవ్వను కంటి ఆపరేషన్‌కని నాయనా నేనూ కారులో పుట్టపర్తికి తీసుకెళ్తున్నాం. భయంతో అవ్వ నా చెయ్యి వదల్లేదు. ధైర్యం కోసమని నాయన ఆమెకిష్టమైన పాటల క్యాసెట్ పెట్టాడు. సోమందేపల్లి దాటగానే టేపు లోపల చుట్టుకుని పాట ఆగిపోయింది.

"అయ్యో, మింగేసిందే!" అన్నాడు నాయన.

"పోనీలేరా, మిగతాది నాకొస్తాది" అని అవ్వ అందుకుంది. ఆమె అంత బాగా పాడుతుందని మాకు ఆరోజే తెలిసింది. ఆసుపత్రి వచ్చినా ఆపలేదు.

"పాట అయిపోనీ, దిగుతా" అంది.

కట్టు విప్పిన రోజు నన్ను తేరిపార చూసి నవ్వింది.

"ఓయమ్మా, ఎంత పొడుగైనావే!"