టిఫిన్ క్యారియర్లో టపాకాయలు

మొన్న ఆదివారం మధ్యాహ్నం మూడుంబావుకు కడపలో మా ఇంట్లో టీవీ ముందు కూర్చున్నాను. హీరో ఒంటికాలితో తంతే సుమో గాల్లో రెండు పల్టీలు కొట్టి పేలిపోయింది. ఆరు గుళ్ల తుపాకీతో పదకొండుసార్లు కాల్చాడు. "జేజీ, లెక్కలు ఆపి సినిమా చూడు," అంది మనవరాలు. చూస్తూనే ఉన్నాను. ఆ సినిమా రెండో సగం కోసం ఇరవై ఏళ్లకు పైగా కాచుకొని ఉన్నాను మరి.

మొదటి సగం రాజంపేటలో చూశాను, విడుదలైన రోజు మ్యాట్నీలో. అప్పటికి మా ఊళ్లో మా ఇంటికీ ఎదురువర్గం ఇంటికీ కొత్తగా రాజీ కుదిరింది. పెద్దమనుషుల ముందు కొబ్బరికాయ కొట్టినంత మాత్రాన భయం పోదు. అయినా సినిమా అంటే రెండిళ్లవాళ్లకూ ఒకటే పిచ్చి. హాల్లో నడవాకు ఈ పక్క మేము, ఆ పక్క వాళ్లు. గేటు దగ్గర మగవాళ్ల నడుములు తడిమి పంపేవాళ్లు. పెద్దరికం ఉన్నవాళ్లను తడమరు, ఆడవాళ్ల టిఫిన్ క్యారియర్ల జోలికి పోరు. ఇది ఊరందరికీ తెలుసు, మా మరిదికి ఇంకా బాగా తెలుసు. నాకు చెప్పకుండా నా క్యారియర్ అడుగు గిన్నెలో, చిత్రాన్నం గిన్నె కింద, టపాకాయల సరం పెట్టాడు, హీరో రాగానే తెర ముందు కాల్చాలని. దీపాలు ఆరగానే "వదినా, ఆకలైతాంది" అని క్యారియర్ అడిగి తీసుకున్నాడు.

హీరో వచ్చాడు. తెర మీద బాంబులు పడ్డాయి, హాల్లోనూ పేలాయి. ఒకటే పొగ. మా ఆయన నా తల పట్టి కుర్చీ కిందికి నొక్కాడు. రెండు పక్కలా ఒక్క తలా కనబడలేదు. నడవాకు అవతల ఆ ఇంటి పెద్దాయన మాత్రం లేచి నిలబడ్డాడు, కుడిచెయ్యి తువ్వాలు కింద ఉంది. మా ఆయన లేవబోతే పంచె పట్టుకొని లాగాను, అంచు చిరిగింది. ఇద్దరిలో ఎవరు ముందు అడుగేసినా రాజీ అక్కడితో సరి.

మా మరిది తెర వెలుగులోకి వచ్చి రెండు చేతులూ పైకెత్తాడు. "పెద్దాయనా, టపాకాయలు! హీరో వచ్చినాడని కాల్చినా! ఒట్టు!"

పెద్దాయన వాణ్ణి చూశాడు, తర్వాత తెరను చూశాడు. హీరో మంటల్లోంచి నడిచొస్తున్నాడు.

"వానికేమప్పా, మీద బాంబు పడినా సొక్కా నలగదు. మాకు ఒళ్ళుండాది గదరా! యాడ పెట్టుకొచ్చినావు?"

"మా వదిన క్యారియర్లో."

"అన్నం కిందనా? థూ! తినేదాంట్లో పెడ్తారేమిరా ఎవురైనా?"

ఎవరో నవ్వారు, ఏ పక్కనో చెప్పలేను. పెద్దాయన చెయ్యి తువ్వాలు కింది నుంచి బయటికి వచ్చింది, ఉత్తదే. అక్కడ ఏముండిందో నేనెప్పుడూ అడగలేదు. మేనేజరు ఇంటర్వెల్‌తోనే ఆట ఆపేసి అందర్నీ ఇళ్లకు పంపాడు.

"ఇదంతా అబద్ధం జేజీ, ఎట్లా చూస్తావు?" అంది మనవరాలు. అబద్ధం కాబట్టే చూస్తాను. తెర మీద ఎగిరి పడ్డవాళ్లంతా లేచి ఇంకో సినిమాలో మళ్లీ తన్నులు తింటారు. మా ఊళ్లో పడినవాళ్లు లేవలేదు.

ఆ రోజు పోయినవి: నా ఎడమ చెప్పు, క్యారియర్ అడుగు గిన్నె, మా ఆయన పంచె అంచు మూరెడు, సినిమా రెండో సగం. మనుషులెవరూ పోలేదు. వాళ్లను తర్వాత కాలమే ఒక్కొక్కరిగా తీసుకుపోయింది, పెద్దాయనను, మా ఆయనను, మరిదిని, ముగ్గురినీ మంచం మీదే.