ఐలయ్య గారి మొదటి చెంబు

ఐలయ్య గారు కుక్కకు స్నానం చేయిస్తే ముందు తడిసేది ఐలయ్య గారే. చెంబుడు నీళ్లు తన నెత్తిన, తర్వాత చెంబుడు కుక్క వీపున. బకెట్ ఖాళీ అయ్యేదాకా ఇదే వరస. చొక్కా, ధోవతి, చేతి గడియారం, ఏదీ విప్పేవారు కాదు.

కొత్వాల్‌గూడలో ఆయన ఇంటి పై వాటాలో నేను కిరాయికి ఉండేదాన్ని. మాది భీమవరం. ఎయిర్‌పోర్టు కార్గోలో ఉద్యోగం. దిగిన మొదటి ఆదివారమే మేడ మీంచి ఆ స్నానం చూసి, ఉండబట్టలేక అడిగాను.

"బాబాయ్ గారూ, స్నానం కుక్కకా, మీకా?"

"కుక్కకే బిడ్డా. నీళ్లు ఎట్లున్నయో సూస్తున్న."

"చేత్తో చూడొచ్చు కదండీ?"

"చేతికేం తెలుస్తది? నెత్తికి తెలుస్తది."

ఆ కుక్క పేరు పులి. దాని ఒంటికి గజ్జి. డాక్టరు మందు షాంపూ రాసి, వారానికి రెండుసార్లు రుద్ది పది నిమిషాలు నురగ అలాగే ఉంచమన్నాడు. ఆ పది నిమిషాలూ కుక్కా, ఆయనా ఒంటినిండా నురగతోనే ఎదురెదురుగా కూర్చునేవారు. ఒకసారి మేనకోడలు సరిత పెళ్లిమాటలకు వచ్చిన పెద్దమనుషులు గేటు తీసి, ఇంటి యజమాని ఎవరో తేల్చుకోలేక నిలబడిపోయారు.

"జర లోపలికన్న పో!" అంది భార్య సక్కుబాయి, తల కొట్టుకుంటూ.

"ఇంక నాలుగు నిమిషాలున్నది," అన్నారాయన గంభీరంగా.

మొన్న వానాకాలంలో ఆయనకు నిమోనియా వచ్చింది. దవాఖాన నుంచి పంపేటప్పుడు తడి తగలనివ్వొద్దన్నారు. రెండు వారాలు స్నానం లేక పులి వీపంతా గోక్కుని రక్తం చేసుకుంది. అది చూసి ఆయన మంచం దిగబోతే సక్కుబాయి బయట గడియ పెట్టేసింది.

"నేను చేయిస్తానండీ," అన్నాను.

చెంబు ఎత్తానో లేదో, పులి నేలకు కరుచుకుపోయింది. వణుకుతూ అక్కడే ఉచ్చ పోసుకుంది.

"గట్ల కాదమ్మా," సక్కుబాయి గొంతు తగ్గించింది. "మేం తెచ్చుకోక ముందు, రోడ్డు మీద ఓ హోటలోడు దీని మీద మసలే నీళ్లు సల్లిండు. మా ఆయన కండువల సుట్టుకొని తెచ్చిండు. నాలుగు నెలలు చెంబు కనపడితే ఉరుకుడే. అందుకే ముందల ఆయన పోసుకుంటడు. ఇవి కాలే నీళ్లు కావని దానికి సూపెట్టాలె గద."

"మరి నాతో ఒక్కసారీ అనలేదే?"

"సెప్తే నీకు బాధయితదట. దాన్ని సూసి అయ్యో అనుడు కన్న నలుగురు నవ్వుకుంటేనే మంచిదంటడు."

ఆఫీసు యూనిఫారంలోనే ఉన్నాను. చెంబుడు నీళ్లు నెత్తిన పోసుకున్నాను. పులి చెవులు కదిలాయి. ఇంకో చెంబు. మూడోదానికి అది పొట్ట మీద పాకుతూ వచ్చి, నా మోకాలికి ఆనుకుని, వీపు అప్పగించింది. ఇన్నాళ్లూ మేడ మీంచి నవ్విన నవ్వులు గుర్తొచ్చి సిగ్గేసింది.

కిటికీ ఊచల వెనక నుంచి ఐలయ్య గారు "మెల్లగ, మెల్లగ" అంటూనే ఉన్నారు. తుడిచి, దువ్వెనతో దువ్వుతుంటే వీపు మీది నున్నటి కాలిన మచ్చ మధ్యలో ఏదో మెత్తగా తగిలింది. వంగి చూశాను.

"బాబాయ్ గారూ, ఇక్కడ వెంట్రుకలు వస్తున్నాయి!"

ఆయన ఊచలకు ముఖం ఆనించి చాలాసేపు చూశారు. కళ్లు తుడుచుకుని, ఆ చేతినే తన బట్టతల మీదికి పోనిచ్చారు.

"మంచిదే బిడ్డా. ఇంట్ల ఒక్కరికన్న మొలుస్తున్నయి."